నాలుగు సిలిండర్లు, రెండు బియ్యం బస్తాలు

ఎనిమిది సిలిండర్ల ఇంజన్‌లో నాలుగింటిని నిద్రపుచ్చడం నా ఉద్యోగం. బర్త్‌డే ఫంక్షన్లలో ఏం చేస్తారని ఎవరైనా అడిగితే ఇదే చెప్పేవాణ్ణి. "ఐటీ కాదా?" అని ఎవరో ఒక అంకుల్ మొహం అదోలా పెట్టి, ప్లేటు పట్టుకుని పక్కకు జరిగేవారు. ఇంగ్లండ్‌లోని ఈ స్విండన్‌లో మనవాళ్లలో ఐటీ కానివాడంటే అందరికీ కాస్త జాలి. ఆ జాలి చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్లకే ముందుచూపు ఉందనిపిస్తోంది.

అమెరికావాళ్లు మజిల్ కార్లని కొన్ని తయారుచేస్తారు. పొడవాటి బానెట్, దాని కింద పెద్ద వీ-ఎయిట్ ఇంజన్, చిన్నపిల్లలు కూడా ముడుచుకుని కూర్చోవాల్సిన వెనక సీటు. అలాంటి బండి కొనేవాడికి పెట్రోలు గురించి బెంగ ఉండదు. కాలు నొక్కగానే వీపు సీటుకు అతుక్కోవాలి, వీధి చివరి ఇంటివాళ్లు కిటికీ తీసి చూడాలి, అంతే. ప్రభుత్వాల పట్టుదల వేరు. గ్యాలన్‌కు ఇన్ని మైళ్లు రాకపోతే ఆ బండి అమ్మడమే కష్టం చేస్తారు. అందుకని కొన్ని కంపెనీలు వీ-ఎయిట్‌ని వదిలేసి చిన్న ఇంజన్‌కు టర్బో తగిలించాయి, కొన్ని బ్యాటరీ పెట్టాయి. మా క్లయింటు మాత్రం వీ-ఎయిట్‌ని వదలనన్నాడు. దాన్ని బతికించుకోవాలంటే వీలైనప్పుడల్లా సగం ఇంజన్ పడుకోవాలి. ఆ పడుకోబెట్టే పని మాకు ఇచ్చాడు.

అది ఇలా జరుగుతుంది. మోటర్‌వే మీద ఒకే వేగంతో పోతున్నప్పుడు అంత పెద్ద ఇంజన్‌కు పెద్దగా పని ఉండదు. ఎనిమిది సిలిండర్లూ తలా కాస్త పనిచేస్తూ, ముక్కు మూసుకుపోయినవాళ్లలా గాలి పీల్చుకుంటూ, ఆ పీల్చుకోవడానికే పెట్రోలు తగలేస్తాయి. అందుకని నాలుగింటి వాల్వులు మూసేసి, పెట్రోలు ఆపేస్తాం. మిగిలిన నాలుగూ నిండుగా గాలి పీల్చుకుని హాయిగా పనిచేస్తాయి. డ్రైవరు కాలు గట్టిగా నొక్కితే రెప్పపాటులో ఎనిమిదీ లేవాలి. ఇదంతా అతనికి తెలియకూడదు. తెలియనివ్వకపోవడమే నా పనితనం.

తిరకాసు ఒకటుంది. నాలుగు సిలిండర్ల మీద నడిచేటప్పుడు దెబ్బలు సగానికి తగ్గి, ఒక్కో దెబ్బ బరువుగా పడుతుంది. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ దెబ్బలకు బండి వెనక రేకులు డప్పులా మోగుతాయి. అది శబ్దంలా కూడా ఉండదు. చెవుల్లో దూది కుక్కి ఎవరో వేలితో నొక్కుతున్నట్టుంటుంది. ఇంజన్ కాస్త వేగంగా తిరుగుతున్నప్పుడే నాలుగింటిని నిద్రపుచ్చితే మోత ఉండదు, కానీ పెట్రోలు పెద్దగా మిగలదు. నెమ్మదిగా తిరిగేటప్పుడూ నిద్రపుచ్చితే పెట్రోలు మిగులుతుంది, దాంతోపాటు మోత వస్తుంది. ఈ గీత ఎక్కడ గీయాలన్న దాని మీదే నాకు ఏళ్లు గడిచిపోయాయి.

మాది కార్ల కంపెనీ కాదు. వాళ్లకు ఇలాంటి పనులు కాంట్రాక్టు మీద చేసిపెట్టే చిన్న సంస్థ. నేను చేరినప్పుడు టీములో పదకొండు మందిమి. ఎలక్ట్రిక్ కార్లు పెరిగేకొద్దీ ఒక్కొక్కరే వెళ్లిపోయి నలుగురం మిగిలాం. మా మేనేజర్ గొంతు ఎత్తి మాట్లాడటం నేనెప్పుడూ వినని ఇంగ్లిష్ ఆవిడ. ఆవిడ ఒకరోజు నలుగురినీ కూర్చోబెట్టి విషయం చెప్పింది. క్లయింటు తరఫు మనిషి డెట్రాయిట్ నుంచి వచ్చి బండి నడిపి చూస్తాడు. మైలేజీ టార్గెట్ అందుకుని, మోత లేకుండా ఉంటే ఇంకో ఏడాదిన్నర పని ఇస్తాడు. లేకపోతే టీము ఉండదు.

మిగతా ముగ్గురికీ అది ఉద్యోగం సంగతి. నేను కంపెనీ ఇప్పించిన స్పాన్సర్ వీసా మీద ఉన్నాను. ఐదేళ్లు నిండితే ఇక్కడ శాశ్వతంగా ఉండటానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మాకు ఇంకా ఏడు నెలలు తక్కువ. ఈలోపు ఉద్యోగం పోతే వీసాలు చూసే హోమ్ ఆఫీసు నుంచి ఉత్తరం వస్తుంది. అరవై రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి, దొరక్కపోతే ముగ్గురం వెళ్లిపోవాలి. మా ఆవిడ వృద్ధుల కేర్ హోమ్‌లో చేసే పని కూడా నా వీసాతోనే ముడిపడి ఉంది. మా అమ్మాయి పదకొండో ఏట ఇక్కడికి వచ్చింది, వచ్చే వేసవిలో మన పదో తరగతి లాంటి జీసీఎస్‌ఈ పరీక్షలు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లో, అదీ ఇక్కడి యాసలో. దాన్ని తీసుకెళ్లి హన్మకొండలో ఏ క్లాసులో కూర్చోబెట్టాలో మా ఇద్దరికీ తెలియదు.

మైలేజీ టార్గెట్‌కు కొంచెం ఇవతల ఆగిపోయాం. చేయగలిగినవన్నీ చేసేశాక మిగిలింది గీతను కిందికి జరపడమే. అప్పటిదాకా ఇంజన్ నిమిషానికి పదిహేను వందల చుట్ల కంటే తక్కువ తిరిగేటప్పుడు నాలుగింటిని నిద్రపుచ్చేవాళ్లం కాదు. ఆ గీతను పన్నెండు వందల యాభైకి దించితే టార్గెట్ అందుతుంది. మోత వస్తుందనే అందరం అనుకున్నాం. ఎంత వస్తుందో వారం రోజులు నడిపి చూడమని బండి నాకిచ్చారు.

ఇలాంటి బండిని ఇంటికి తీసుకెళ్లడం మాలో మామూలే. రోజూ వచ్చిపోతూ నడిపితేనే లోపాలు బయటపడతాయి. నియమాలు కొన్ని ఉన్నాయి. బయటివాళ్లు ఎక్కకూడదు. సొంత సామాను పెట్టకూడదు. నడపబోయే ముందు ఒక కాగితం నింపాలి: టైర్లలో గాలి, ట్యాంకులో పెట్రోలు, డిక్కీ ఖాళీ. ఒక్కోదాని ఎదురుగా ఒక గడి, గడిలో టిక్కు. నడిపాక మోతకు పదికి ఇన్ని అని మార్కులు వేయాలి. ఏడు వస్తే బండి అమ్ముకోవచ్చు. ఆరైతే కొన్నవాడు గొణుగుతాడు. ఐదైతే బండి వెనక్కి తెస్తాడు.

కొత్త సెట్టింగు సోమవారం ఎక్కించాలి. అంతకుముందు ఆదివారానికి మా సొంత కారు ఏటా చేయించాల్సిన ఎంవోటీ పరీక్షలో ఫెయిలై గ్యారేజీలో ఉంది. ఇంట్లో బియ్యం అయిపోవచ్చాయి. మా ఆవిడకు బియ్యం లండన్ పక్కన హేస్‌లో ఒక షాపులోనివే నచ్చుతాయి, అది డెబ్బై మైళ్లు. ఆ బండికి ఎలాగూ మోటర్‌వే మైళ్లు కావాలి కదా, ఒక్క ప్రయాణంలో రెండు పనులూ అవుతాయని మురిసిపోయాను. సొంత సామాను నియమం గుర్తురాలేదా అంటే, వచ్చింది. గంటన్నర ప్రయాణానికి ఎవరు చూడొచ్చారు అనుకున్నాను.

"పాత బియ్యమే తే," అంది మా ఆవిడ. "మొన్నటివి ముద్ద ముద్దయితున్నయ్. రెండు బస్తాలు తే, మాటిమాటికి పోలేం."

ఇరవై కిలోల బస్తాలు రెండు వేసుకుని వచ్చేసరికి మా బిల్డింగులో లిఫ్టు చెడిపోయి ఉంది. మాది మూడో అంతస్తు, నా నడుము సంగతి మా ఆవిడకు తెలుసు.

"డిక్కీలనే ఉండనియ్, ఎవరెత్కపోతరు?" అంది. "డబ్బాల ఇంక పది పన్నెండు దినాలకున్నయ్."

సోమవారం పొద్దున్న కొత్త సెట్టింగు ఎక్కించుకుని కాగితం తీశాను. గాలి, టిక్కు. పెట్రోలు, టిక్కు. డిక్కీ ఖాళీ, టిక్కు. అబద్ధం రాస్తున్నానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. రాత్రికి రాత్రే ఆ బస్తాలు నా బుర్రలోంచి జారిపోయాయి. సామాను అంటే నాకు సూట్‌కేసు, బ్యాగు, గొడుగు. బియ్యం ఇంట్లోవి; లిఫ్టు బాగయ్యేదాకా మెట్ల కింద ఆగి ఉన్నాయి, అంతే. ఇదే పని ఒక ఇంగ్లిష్‌వాడికి అప్పగించి ఉంటే డిక్కీలో నలభై కిలోలు పెట్టుకుని మర్చిపోయేవాడు కాదు, ఎందుకంటే వాడు నలభై కిలోలు ఏదీ ఒకేసారి కొనడు.

మోటర్‌వే మీద రోడ్డు పనుల వల్ల గంటకు యాభై మైళ్ల లిమిట్ పెట్టిన ముక్క ఒకటుంది, పొడవునా కెమెరాలు. ఆ వేగంలో టాప్ గేరులో ఇంజన్ సరిగ్గా పన్నెండు, పదమూడు వందల మధ్య తిరుగుతుంది. మోత రావాల్సిన చోటు అదే. నేను రేడియో కట్టేసి, ఏసీ కట్టేసి, భుజాలు బిగించుకుని ఎదురుచూశాను. ఏమీ రాలేదు. స్క్రీన్ మీద మాత్రం నాలుగు సిలిండర్లే నడుస్తున్నాయి. మంగళవారం మళ్లీ నడిపాను. బుధవారం ఎక్కువ దూరం నడిపాను. కళ్లలో నీళ్లు తిరిగాయంటే ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. గురువారం సాయంత్రం ఏడు మార్కులు వేసి సంతకం పెట్టాను. ఇంటికి వెళ్లి మా ఆవిడతో ఇక ఏం భయం లేదన్నాను.

శుక్రవారం లిఫ్టు బాగైంది. బస్తాలు పైకి చేర్చి, బండి శుభ్రంగా తుడిచి వర్క్‌షాపులో అప్పగించాను. అక్కడ మా బండ్లు చూసే మెకానిక్ అరవై దాటిన మనిషి, ఈ ఊరివాడే, వాళ్ల నాన్న రైల్వే వర్క్‌షాపులో పనిచేశాడు. ఏజెన్సీ కాంట్రాక్టు మీద ఉన్నాడు. మేం ఈ ఊరొచ్చిన మొదటి చలికాలం, ఫ్లాట్‌లో బాయిలర్ పనిచేయడం లేదని నేను ఆఫీసులో అనుకుంటుంటే విని, సాయంత్రానికి తన ఇంటి నుంచి హీటరు తెచ్చిచ్చినవాడు. క్లయింటు వచ్చేలోపు బండిని ఒకసారి కింద నుంచి చూసి, ఇంజన్‌ని బండికి పట్టి ఉంచే రబ్బరు మౌంటు ఒకదాని లోపలి నూనె బయటికి చెమర్చిందని దాన్ని మార్చాడు.

మంగళవారం డెట్రాయిట్ నుంచి ఆయన వచ్చాడు. ఆరడుగుల పైన ఉన్న మనిషి, గొంతు మాత్రం మెత్తన. ఆయన నడుపుతున్నాడు, నేను పక్కన కూర్చున్నాను. రోడ్డు పనుల దగ్గరకు వచ్చి యాభైకి దిగాడు. నాలుగు సిలిండర్లు పడుకున్నాయి. మరుక్షణం నా చెవులు మూసుకుపోయాయి. వెనక నుంచి గుమ్మని ఒకటే మోత, ఆగకుండా. ఆయన ఒక చేత్తో చెవి రుద్దుకుని నా వైపు చూశాడు.

"దీనికేనా ఏడు వేసింది?" అన్నాడు.

కెమెరాలు ఉన్నంత దూరం యాభై మీదే పోవాలి. ఎంత దూరమో నాకు మైలు రాళ్లతో సహా తెలుసు.

"మా కస్టమర్లకు చప్పుడు కావాలి," అన్నాడాయన చివరికి. "ఇది చప్పుడు కాదు, తలనొప్పి."

ఐదు వేశాడు. మైలేజీ మాత్రం బాగుందన్నాడు. కారణం కనుక్కుని రాయండి, అప్పుడు ఆలోచిస్తాం అని హోటల్‌కు వెళ్లిపోయాడు.

ఆ వారం నేను మనిషిలా లేను. సెట్టింగు తీసి మళ్లీ ఎక్కించాను. రెండు వారాల రికార్డింగులు పక్కపక్కన పెట్టి గీత గీతా పోల్చాను, తేడా లేదు. టైర్లు మార్పించాను, ఎగ్జాస్ట్ కింద పడుకుని చూశాను. బండి తీసుకెళ్లి ఆ యాభై లిమిట్ ముక్కలో తిరిగాను, ప్రతిసారీ అదే మోత. నా చెవుల మీదే నాకు అనుమానం వచ్చి జీపీ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ కూడా తీసుకున్నాను. ఇంట్లో ఎవరు పలకరించినా కసురుకున్నాను. ఒక సాయంత్రం మా అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి, "డాడ్, ఆర్ వీ గోయింగ్ బ్యాక్?" అని అడిగింది. లేదని అరిచాను. అరిచిన తీరులోనే దానికి జవాబు దొరికిపోయింది.

మేనేజర్ మమ్మల్నందరినీ పిలిచి, ఎవరినీ నిందించడానికి కాదంటూ మొదలుపెట్టింది. ఇక్కడ ఆ మాటతో మొదలైందంటే ఎవరికో మూడిందని అర్థం. గురువారం మోత లేదు, మంగళవారం ఉంది. మధ్యలో బండిలో మారింది మౌంటు ఒక్కటే. బిగించేటప్పుడు మెలితిరిగితే లోపలి రబ్బరు దెబ్బతింటుంది, తర్వాత ఎంత సరిగ్గా బిగించినా లాభం ఉండదు. కొత్తది అమెరికా నుంచి రావడానికి రెండు వారాలు పడుతుంది. మౌంటు బిగింపులో పొరపాటు జరిగిందని ఆవిడ క్లయింటుకు రాసింది. వాళ్లు సరే ఆగుతామన్నారు. మెకానిక్ కాంట్రాక్టు నెలాఖరుకు అయిపోతోంది, ఇక పొడిగించడం లేదని చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ క్షణాన నాకు ఆయన గుర్తు కూడా రాలేదు.

శనివారం మధ్యాహ్నం వంటగదిలో కూర్చుని ఉన్నాను. మా ఆవిడ మొదటి బస్తా కుట్టు విప్పి డబ్బాలో పోస్తోంది. నన్ను ఎలాగైనా నవ్వించాలని అనుకున్నట్టుంది.

"ఈ బియ్యం వారం దినాలు మోటర్‌వే మీద షికారు చేసినయ్," అంది. "నన్ను ఒక్కసారన్న తిప్పినవా ఆ బండిల?"

నేను నవ్వలేదు. లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో నాకే ఒక క్షణం తెలియలేదు. మోగే డప్పు మీద అరచెయ్యి ఆనిస్తే మోత చచ్చిపోతుంది. డిక్కీ అడుగు రేకు డప్పు. దాని మీద నలభై కిలోల గింజలు, వారమంతా.

ఆదివారం పొద్దున్నే, విప్పిన బస్తా మూతి తాడుతో కట్టి, రెండూ కిందికి దించి, మోత సంగతి తేల్చడానికి నా దగ్గరే ఉంచుకున్న ఆ బండిలో వేశాను. ఈసారి ఏ కాగితమూ నింపలేదు. యాభై లిమిట్ ముక్కలో మోత లేదు. మోటర్‌వే పక్కన బండ్లు ఆగే సర్వీసెస్‌లో కారు ఆపి, రెండు బస్తాలూ దించి కార్ పార్కు చివర చెట్ల దగ్గర పెట్టి, వెనక్కి వెళ్లి నడిపాను. మోత ఉంది. మళ్లీ వచ్చి ఒక బస్తా వేసుకున్నాను. సగం మోత. అనుమానం తీరక ఇంకోసారి, ఇంకోసారి చేశాను. కుక్కను తిప్పుతున్న ఒకావిడ నన్ను చాలాసేపు చూసింది. ఆఖరికి బస్తా మీద కూర్చుని ఏడ్చాను. అంత దిగజారిన ఆదివారం నా జీవితంలో ఇంకొకటి లేదు.

ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను. మొదట అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది.

"ఇప్పుడు పోయి చెప్తవా?" అంది.

"చెప్పకపోతే ఆ పెద్దమనిషి పని పోతది."

"చెప్తే మన పని పోతది. ఏడు నెల్లు. ఏడు నెల్లు నోరు మూసుకోలేవా?" ఆమె డబ్బా మూత గట్టిగా పెట్టింది. "ఆయనకేంది, ఆయన దేశం. ఇది కాకుంటే ఇంకోటి. మనకేమున్నదక్కడ? పిల్ల పరీక్షలు రాయొద్దా?"

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. కొత్త మౌంటు వచ్చేదాకా రెండు వారాలు. అప్పటికీ మోత పోకపోతే ఇంకేదో అనుమానం, ఇంకో భాగం, ఇంకో రెండు వారాలు. అలా ఈడ్చుకుంటూ పోతే ఏడు నెలలు కాకపోయినా ఎంతో కొంత దూరం వెళ్లొచ్చు. చెప్పకూడదనే నిర్ణయించుకున్నాను. ఇది దాచిపెట్టి రాస్తే ఈ రాతకు అర్థం లేదు.

సోమవారం ఆఫీసులో టీ పెట్టుకునే చోట ఆ మెకానిక్ నా పక్కన వచ్చి నిలబడ్డాడు. కుడి మణికట్టు ఎడమ చేత్తో పట్టుకుని నెమ్మదిగా తిప్పుతున్నాడు.

"ఆ మౌంటు నేను సరిగ్గానే బిగించాననుకున్నాను, మేట్," అన్నాడు. "కానీ ఈ మధ్య ఈ చెయ్యి చెప్పినట్టు వినడం లేదేమో. నాకే తెలియకుండా జారిందేమో." మణికట్టు వదిలాడు. "నీ వీసా సంగతి నాకు తెలుసు. నీకూ, నీ ఇంటివాళ్లకూ ఇంత అన్యాయం చేశాను. క్షమించు."

"పరవాలేదు," అన్నాను.

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు. చేయని తప్పుకు క్షమాపణ అడిగిన మనిషిని, తప్పు చేసిన నేను క్షమించాను. సీట్లో కూర్చుని ఆ ఒక్క మాటా ఎలా అనగలిగానా అని రోజంతా ఆలోచించాను. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు. నలభై ఏళ్లుగా ఆ చేతి మీద బతికిన మనిషి, నా బియ్యం మూలంగా ఆ చేతిని అనుమానించుకుంటూ ఇంటికి పోతున్నాడు.

మంగళవారం పొద్దున్న బస్తాలు మళ్లీ కిందికి దించాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. గ్యారేజీ నుంచి వచ్చిన మా కారులో వర్క్‌షాపుకు తీసుకెళ్లి, మెకానిక్ చూస్తుండగా ఆ బండి డిక్కీలో పెట్టి, ఒకసారి నాతో రమ్మన్నాను. రోడ్డు పనుల్లో యాభై మీద నడిపాను. మోత లేకపోయేసరికి ఆయన ముందుకు వంగి స్క్రీన్ చూశాడు. సర్వీసెస్‌లో ఆగి, ఇద్దరం చెరో బస్తా దించి అక్కడే వదిలేసి మళ్లీ నడిపాం. మోత మొదలైంది. ఆయన అంతా విన్నాడు. నన్ను తిడతాడని ఎదురుచూశాను, తిడితే బాగుండేది. ఆయన కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, వేళ్లు ముడిచి, విప్పి చూసుకున్నాడు.

"అయితే నా చెయ్యి బాగానే ఉందన్నమాట," అన్నాడు.

వెనక్కి వెళ్లి బస్తాలు ఎక్కించుకున్నాక, ఆయన డిక్కీ మూసి దాని మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. "నువ్వు ఎవరికీ చెప్పనక్కర్లేదు. నేను ఎలాగూ ఒకటి రెండేళ్లలో మానేసేవాణ్ణే. నాకు తెలిసింది, చాలు."

ఆ మాట వినడానికే వచ్చానేమోనని నాకు భయం వేసింది. ఒక్క నిమిషం నిజంగా ఆశపడ్డాను. కానీ ఆయన మొహం చూస్తూ ఇంకోసారి 'పరవాలేదు' అనడం నా వల్ల కాలేదు. మధ్యాహ్నం మేనేజర్ గదికి వెళ్లి, టిక్కు పెట్టిన కాగితం ఆవిడ ముందు పెట్టి, అంతా చెప్పాను. ఆవిడ బియ్యం అన్న మాట దగ్గర రెండుసార్లు ఆపి అడిగింది. చెప్పినందుకు థాంక్స్ అంది. మౌంటులో తప్పులేదని క్లయింటుకు అప్పుడే రాసింది, ఆ కాపీ మెకానిక్‌కు కూడా పంపింది. డిక్కీ రేకుకు బరువైన ప్యాడ్ వేస్తే ఎలా ఉంటుందని డెట్రాయిట్‌ని అడిగి చూశారు. అంత బరువు మోస్తే మిగిలే పెట్రోలు కాస్తా దానికే పోతుందన్నారు వాళ్లు. గీత మళ్లీ పదిహేను వందలకే పోయింది. టార్గెట్ అందలేదు, పని వేరేవాళ్లకు వెళ్లింది.

టీము మూసేశారు. ఆయన ఇప్పుడు పాత కార్లు బాగుచేసే గ్యారేజీలో వారానికి మూడు రోజులు చేస్తున్నాడని విన్నాను. నేను రోజుకు నాలుగైదు చోట్లకు అప్లై చేస్తున్నాను. ఫోన్లో అందరూ బాగానే మాట్లాడతారు, స్పాన్సర్ చేస్తారా అని అడిగేదాకా. పెట్రోలు ఇంజన్ తెలిసినవాడు ఇప్పుడు ఎవరికి కావాలి? చెప్పకపోయి ఉంటే ఏడు నెలలు గడిచేవా? గడిచేవేమో. ఆ 'ఏమో' నన్ను రోజూ తింటోంది. మంచి పని చేశానన్న తృప్తి ఉంటుందని అంటారు, నాకైతే ఇంకా రాలేదు. మా ఆవిడ చాలా రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. ఒకసారి మాత్రం, "చెయ్యి సంగతి తెలిసినంక ఆయనేమన్నడు?" అని అడిగింది. చెప్పాను. తల ఊపి, ఆ వారం షిఫ్టుల రోటా చూసుకుని డ్యూటీకి వెళ్లింది.

హోమ్ ఆఫీసు నుంచి ఉత్తరం నిన్న వచ్చింది. ముగ్గురి పేర్లూ ఉన్నాయి, అరవై రోజులు అని ఉంది. నేను చదివి ఫ్రిజ్ మీద పెట్టాను. మొదటి బస్తా ఖాళీ అయింది; మా ఆవిడ రెండోది ముందుకు లాక్కుని దారం విప్పుతోంది.

"ఇదెన్ని దినాలొస్తది?" అని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

ఆమె చెయ్యి లోపలికి పెట్టి, గింజలు పిడికిట్లోకి తీసుకుని చూసింది.

"రెండు నెల్లు," అంది.

ఆమె ఎసరు పెట్టింది.